కష్టం పెప్టైడు

టకటకటకటక. ఆగింది. మళ్ళీ టకటకటకటక.

రసాయన శాస్త్ర విభాగం వరండాలో ఆ చప్పుడు విన్నప్పుడు నా చేతిలో మా బోరు నీళ్ళ సీసా ఉంది. నీళ్ళు పరీక్ష చేయించుకుందామని వెళ్ళాను. నరసరావుపేట దాటి వినుకొండ రోడ్డులో కొంత దూరం పోతే, ఎర్రగా ఆరబోసిన మిరప కల్లాల వెనక ఉంటుంది ఆ విశ్వవిద్యాలయం. ఎండ గచ్చు మీద పిల్లిలా సాగిలపడి నిద్రపోతోంది. గోడల నిండా మూలకాల పట్టికలు, ప్రమాద హెచ్చరికలు. వాటి మధ్యలోంచి కుట్టుమిషను చప్పుడు. ఎవరో మధ్యాహ్నాన్ని ఇంకో మధ్యాహ్నానికి కలిపి కుడుతున్నట్టుగా ఉంది.

చప్పుడు వెంట నడిస్తే ఒక తలుపు వచ్చింది. పైన ఆకుపచ్చ రేకు మీద తెల్లటి పెద్ద అక్షరాలు: కష్టం పెప్టైడ్ సింథసిస్ యూనిట్.

లోపల యాభై ఏళ్ళ ఆవిడ కాలితో తొక్కే పాత కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. తెల్లటి ఏప్రాన్, నడుముకి తాళాల గుత్తి, మెడలో కొలతల టేపు. మిషను మీద గుడ్డ లేదు. సూది ఉండాల్సిన చోట బొటనవేలంత గాజు గొట్టం కట్టి ఉంది. ఆవిడ తొక్కుతుంటే గొట్టం లేచి పడుతోంది. దాంట్లో ద్రవంలో గసగసాల్లాంటి గింజలు ఒక చిన్న ఇసుక తుఫానులా ఎగిరి, వాలి, మళ్ళీ ఎగురుతున్నాయి.

"చెప్పులు బయట," అంది తల ఎత్తకుండా. "ముక్కు మూసుకోండి. అలవాటు లేనోళ్ళకి కడుపులో తిప్పుద్ది."

అప్పటికే మూసుకున్నాను. ఎండుచేపల బుట్టలో మిరియాలు దంచినట్టుంది వాసన.

"నీళ్ళ పరీక్షకి వచ్చాను."

"ఆ సారు ఎలచ్చన్ డ్యూటీ ట్రైనింగుకి పోయాడు. రేపు రండి."

మరునాడూ అదే మాట. ఆ మరునాడూ అదే. అలా ఒక వారమంతా నీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళడం, నీళ్ళ సారు లేకపోవడం, నేను ఆ కుట్టుమిషను ఆవిడ షంషాద్ గదిలో స్టూలు మీద కూర్చోవడం జరిగాయి. ఆ వారంలో తెలిసిందే ఇది.

షంషాద్‌ది మాచర్ల. పెళ్ళయి నరసరావుపేట వచ్చింది. భర్త యాసిన్ బోర్డులు రాసే పెయింటరు. ఆమె బస్టాండు వెనక సందులో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేది. ఇరవై రెండేళ్ళు కుట్టింది. ప్రతి జాకెట్టు మెడ వెనక లోపలివైపు ఎర్రదారంతో ఒక లేబులు ఉండేది: షంషాద్ టైలర్స్. పెళ్ళికూతుళ్ళు, పంతులమ్మలు, కౌన్సిలర్లు, అందరి వీపుల మీదా ఆమె పేరు ఎవరికీ కనిపించకుండా ఊరంతా తిరిగేది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఒక దీపం పెట్టినట్టుంటుంది. తరువాత ఆన్‌లైన్‌లో రెడీమేడ్ జాకెట్లు వచ్చాయి. సందులో దీపాలు తగ్గాయి.

నాలుగేళ్ళ కింద ఈ విభాగానికి నలభై ఏప్రాన్లు కుట్టే పని దొరికింది. అవి అప్పగించడానికి వచ్చిన రోజున, ఇదే గదిలో రేవతి అనే రీసెర్చి స్కాలరు టేబులు మీద తల పెట్టుకుని ఏడుస్తోంది.

"ఏందమ్మా, ఏప్రాను బిగుతయిందా?" అని అడిగింది షంషాద్.

బిగుతు కాదు. రెండు నెలలు కష్టపడి చేసిన పెప్టైడు తలకిందులుగా వచ్చింది.

పెప్టైడు అంటే ఏమిటో షంషాద్ నాకు చెప్పింది చెప్పినట్టే రాస్తాను. మన ఒంట్లో మాంసకృత్తులని పొడుగాటి దండలు ఉంటాయట. ఆ దండలో చిన్న తునకే పెప్టైడు. దాంట్లో ఇరవై రకాల ముక్కలు వాడతారు. ఒక్కో ముక్కకీ ఒక్కో ఇంగ్లీషు అక్షరం గుర్తు. ఏ ముక్క తరువాత ఏ ముక్క రావాలో, కావలసినవాళ్ళు ఒక కాగితం మీద వరస రాసి పంపుతారు. ఆ వరసలో కుట్టి ఇవ్వాలి.

"కొలతలిచ్చి జాకెట్టు కుట్టించుకోటమే. రెడీమేడు గాదు."

తిరకాసల్లా ఒకటే. కాగితం మీద వరస ఎడమ నుంచి కుడికి రాస్తారు. కుట్టడం మాత్రం కుడి చివర నుంచి మొదలుపెట్టాలి. గోడ మీద అంతంత అక్షరాలతో రాసి పెట్టినా, తెలుగూ ఇంగ్లీషూ చదివిన కళ్ళు అలవాటుకొద్దీ ఎడమ నుంచే మొదలుపెడతాయి. రేవతికి అదే జరిగింది. అంతకు ముందు ఇంకో ఇద్దరికీ అదే జరిగింది.

షంషాద్ ఆ కాగితం చూసి, "ఇందులో ఏముందే? కుడి నుంచి చదవటమేగా," అంది. చిన్నప్పుడు మాచర్ల మదర్సాలో ఆమె నేర్చిన మొదటి చదువు ఉర్దూ. ఆమె వేలు ఏ కాగితం మీద పెట్టినా దానంతట అదే కుడి అంచుకి పోతుంది. పెళ్ళిపత్రిక అయినా సరే, ముందు ముహూర్తం చదివి తరువాత పెళ్ళికొడుకు దగ్గరికి వస్తుంది.

విభాగాధిపతి ప్రసన్న మేడం ఆ మాట విని, మరునాడే ఆమెను ల్యాబు సహాయకురాలిగా పెట్టుకుంది. నాలుగేళ్ళలో ఒక్క పెప్టైడూ తలకిందులు కాలేదు.

విదేశం నుంచి వచ్చిన ఊపే యంత్రం ఒకటి ఆ గదిలో ఉండేది. అది పోయిన ఏడాది ఆగిపోయింది. దాని బెల్టు ఏ దేశంలోనూ దొరకడం లేదని ఉత్తరం వచ్చింది. షంషాద్ ఇంటికి పోయి ఆటోలో తన కుట్టుమిషను తెచ్చింది. కరెంటు పోయినా ఇది ఆగదు. ప్రసన్న మేడం మొదట వద్దంది. తరువాత దానికి ఒక నంబరు ఇచ్చి పరికరాల జాబితాలో చేర్చింది.

బోర్డు సంగతి వేరే. బయటివాళ్ళకి కూడా పెప్టైడ్లు చేసి ఇవ్వవచ్చని అనుమతి వచ్చాక, మేడం యాసిన్‌ని పిలిచి 'కస్టమ్ పెప్టైడ్ సింథసిస్ యూనిట్' అని రాయమంది. యాసిన్ ఫోనులో విన్నది విన్నట్టు రాశాడు. ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించాక గాని మేడం తల ఎత్తి చూడలేదు.

"యాసిన్ గారూ, కస్టమ్ అంటే కొలత ప్రకారం చేసివ్వడం అండీ. మీరు కష్టం అని రాశారు."

"మా ఇంటామె రోజూ ఇంటికొచ్చి చెప్పే మాట అదే గద మేడం," అన్నాడు యాసిన్.

మార్చడానికి మళ్ళీ ఎన్నో సంతకాలు కావాలి. అలాగే ఉండిపోయింది.

ఆ వారం షంషాద్ చేస్తున్నది ఆ గదికి వచ్చిన మొట్టమొదటి బయటి ఆర్డరు. గుంటూరు వైపు ఒక పరిశోధన కేంద్రం వాళ్ళు మిరప ఆకుముడత మీద పనికొస్తుందేమో చూద్దామని పన్నెండు ముక్కల పెప్టైడు అడిగారు. శనివారం సాయంత్రం కొరియరు. ముక్కల పొడులు సరిగ్గా ఒక్కసారికే సరిపోతాయి. తప్పితే మళ్ళీ తెప్పించడానికి మూడు నెలలు.

"నాకు గావాల్సింది ఒకటే," అంది షంషాద్ రెండో రోజున, కాలు ఆపకుండా. "ఇక్కడ నాలుగేళ్ళ నుంచి కుడతన్నా. సీసా మీద యూనివర్సిటీ పేరుంటది, డిపార్ట్‌మెంట్ పేరుంటది, మేడం పేరుంటది. జాకెట్టు లోపలన్నా నా పేరుండేది. మేడంని అడిగితే, స్వచ్ఛత తొంభై అయిదు దాటితే ఈ సీసా మీద నీ పేరేస్తానంది. ముందు తొంభై అయిదు రానీ అంది."

"వస్తుందా?"

"కుట్టు కుట్టుకీ చూసుకుంటే ఎందుకు రాదు? చూడకుండా ఒక్క ముక్క ఏసినా చంక దగ్గర చినిగినట్టే."

కుట్టు ఎలా చూసుకుంటుందో చూపించింది. ప్రతి ముక్కకీ రెండు చేతులుంటాయట. రెండూ వదిలేస్తే ఒకదాన్నొకటి పట్టుకుని తిరనాళ్ళు చేసేస్తాయి. అందుకని ఒక చేతికి అంగుస్తానా తొడిగి పంపుతారు. అంగుస్తానా అంటే సూది గుచ్చుకోకుండా దర్జీలు వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ. ముక్కని గింజకి కుట్టాలి. టోపీ తీయాలి. ఇంకో ముక్క కుట్టాలి. దాని టోపీ తీయాలి. మధ్యమధ్యలో నాలుగు గింజలు చిన్న గొట్టంలోకి తీసి, మూడు సీసాల్లోంచి మూడు చుక్కలు వేసి, అయిదు నిమిషాలు వేడి చేయాలి. టోపీ లేని చెయ్యి ఖాళీగా ఉంటే గింజలు నీలం అవుతాయి. ఆ చేతిని కొత్త ముక్క పట్టుకుంటే నీలం పోయి పసుపు మిగులుతుంది.

నీలం, పసుపు. ఈ మాటలు రాయడానికే నా కలం కొంచెం అటూ ఇటూ చూసింది. ఎన్నికల కోడు అమల్లో ఉన్న నెలలో, పల్నాడులో ఆ రెండు రంగుల పేర్లు చీరల కొట్లో కూడా మెల్లగానే పలుకుతారు.

బుధవారం ఉదయం మాచవరం వైపు నుంచి వెంకట్రామయ్య అనే పెద్దాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. మాజీ సర్పంచి. మెడలో నీలం కండువా, చేతిలో మడత పెట్టిన అర్జీ.

"కష్టాలు ఇక్కడేనా తీసుకునేది?"

షంషాద్ కాలు ఆపింది. "ఏం కష్టం బాబాయ్?"

"బోర్డు జూసి వచ్చా. కలెక్టరాఫీసులో కోడని తీసుకోటంలా. మా అల్లుడు అవతలి పార్టీలో జేరాడు. ఇంట్లో టీవీ ఒకటి, రిమోటు ఒకటి. మా ఆవిడ ధనమ్మేమో అల్లుడు జెప్పిన చానలే పెడతంది. నా ఇంట్లో నాకు న్యూసు లేకుండా పోయింది."

"ఇది ఆ కష్టం గాదు బాబాయ్. ఇది పెప్టైడు కష్టం."

"అది దేనికొచ్చుద్ది?"

"మిరపకి."

"అల్లుళ్ళకి లేదా?"

"ఆర్డరిస్తే మేడంని అడుగుతా."

ఆయన నిరాశగా స్టూలు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. అప్పుడే అవతలి టేబులు దగ్గర నుంచి రేవతి, "అక్కా, అయిదోది ఏమైంది?" అని కేకేసింది.

షంషాద్ గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. "నీలం ఇంకా పోలేదే. మొండిగా ఉంది. దీన్ని మొత్తం పోగొట్టి పసుపు వచ్చిందాకా నేనీ కుర్చీ దిగను."

వెంకట్రామయ్య గ్లాసు కింద పెట్టాడు. మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని, కాంపౌండు గోడ నీడలో నిలబడి ఎవరికో ఫోను చేశాడు. దూరం నుంచి చూస్తే ప్రేమలేఖ చదువుతున్నవాడిలా తల వంచుకుని ఉన్నాడు.

గురువారం పదకొండింటికి జీపు వచ్చింది. ఎన్నికల తనిఖీ బృందం. ముందు దిగిన అధికారి పేరు సందీప్. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, బూట్లకి ఇంకా దుమ్ము అలవాటు కాలేదు. వెనక వీడియో కెమెరాతో ఒకాయన. వాళ్ళ వెనక వెంకట్రామయ్య.

టేబులు మీద షంషాద్ నోటు పుస్తకం తెరిచి ఉంది. సందీప్ పైకి చదివాడు.

"సోమవారం పది గంటలు, నీలం. పదకొండున్నర, పసుపు, పాస్. మంగళవారం తొమ్మిదిన్నర, నీలం ఎక్కువ, ఫెయిల్, మళ్ళీ ప్రయత్నించాలి. పన్నెండు, పసుపు, పాస్. బుధవారం, నీలం మొండి." ఆయన తల ఎత్తాడు. "అమ్మా, పోలింగుకి ముందు సర్వేలు చెయ్యకూడదు. మీకు తెలుసు కదా."

"సర్వే ఏంది సార్?"

"పూటపూటకీ ఎవరు గెలుస్తున్నారో రాస్తున్నారు."

"అయ్యో, అది గింజల రంగు సార్."

"ఎక్కడి గింజలు? ఓటర్లకి పంచేవా?"

రేవతి నవ్వు ఆపుకోలేక ఆవిరి పీల్చే బీరువాలో తల పెట్టింది. ప్రసన్న మేడం ఆ రోజు గుంటూరులో ఉంది, ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు. సందీప్ నోటు పుస్తకాన్నీ మూడు చుక్కల సీసాలనీ స్వాధీనం చేసుకుంటున్నట్టు రాసుకున్నాడు. స్వాధీనం చేసుకున్నవి గుడ్డ సంచిలో పెట్టి, మూతి కుట్టి, లక్క వేయాలి. గుడ్డ ఉంది, లక్క ఉంది. కుట్టడం ఎవరికీ రాదు. కెమెరా ఆయన ప్రయత్నించి వేలికి పొడుచుకున్నాడు.

"ఇటియ్యండి," అంది షంషాద్.

తన మీది సాక్ష్యాన్ని తానే కుట్టింది. అంచు మడిచి, చక్కగా, కెమెరా ముందు. సందీప్ లక్క వేసి ముద్ర కొట్టాడు. అది అయ్యాక ఆమె సూది చీరకొంగుకి గుచ్చుకుని నిలబడింది. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న ముఖం మారింది.

"సార్, ఆరో ముక్క కుట్టా. పట్టిందో లేదో చూడలా. ఆ సీసాలు లేకుండా చూడలేను. చూడకుండా ఏడోది ఎయ్యను. ఎల్లుండి సాయంత్రం కొరియరు. పొడి ఇంకోసారికి లేదు. ఈ సీసా మీద నా పేరు పడాలి సార్. నాలుగేళ్ళ నుంచి చూస్తన్నా."

సందీప్ కలం తీశాడు. ఫారంలో ఆ మాట రాసుకోవడానికి గడి లేదు.

"మీ ముందరే చూపిస్తా. మీరే చూడండి. ఏ రంగు ఎందుకొస్తదో," అంది షంషాద్.

"మా ఒక్కళ్ళ ముందర ఒప్పుకోను," అన్నాడు వెంకట్రామయ్య. "అవతలోళ్ళు కూడా ఉండాల. రేపు మేం మార్పించామంటారు."

అవతలివాళ్ళు గేటు దగ్గర టీ కొట్టులోనే ఉన్నారు. పసుపు కండువాతో విశాల్ వచ్చాడు. ఇతనే ఆ అల్లుడు. మామా అల్లుళ్ళు రెండు స్టూళ్ళ మీద, మధ్యలో ఒక చేట పట్టేంత ఖాళీతో కూర్చున్నారు. మాటలు లేవు. అయినా మర్యాద చెడలేదు.

"అల్లుడు గారిని కాలు ఎనక్కి పెట్టుకోమనమ్మా," అన్నాడు వెంకట్రామయ్య షంషాద్‌తో.

"మామయ్య గారిని కండువా సర్దుకోమనండి, యాసిడ్లో పడుద్ది," అన్నాడు విశాల్ షంషాద్‌తోనే.

సంచి విప్పాలి. లక్క పగలగొడితే మళ్ళీ పంచనామా రాయాలి. సందీప్ తల పట్టుకున్నాడు. షంషాద్ లక్క పడని మూల దగ్గర ఒక్క దారం కొస పట్టుకుని లాగింది. లక్క దాకా కుట్టు వానపాములా జారి ఊడి వచ్చేసింది. లక్క ముద్ర చెక్కుచెదరలేదు.

"ఇదేం కుట్టమ్మా," అన్నాడు సందీప్.

"టాకా సార్. కొలత సరిపోద్దో లేదో చూడనీకి ఏసే కుట్టు. పర్మనెంటుది మీరు అడగలా."

ఆమె గాజు గొట్టం విప్పి నాలుగు గింజలు తీసింది. మూడు చుక్కలు. వేడి దిమ్మలో పెట్టింది. అయిదు నిమిషాలు. గదిలో ఫ్యాను తప్ప ఏదీ కదలలేదు. ఓట్ల లెక్కింపు రోజున కూడా నేను అంత నిశ్శబ్దం వినలేదు. ఆవగింజలో సగం లేని ఆ గింజల మీద రెండు పార్టీలూ ప్రభుత్వమూ వంగి చూస్తున్నాయి.

పసుపు.

విశాల్ ఫొటో తీద్దామని జేబులోంచి ఫోను తీశాడు. వెంకట్రామయ్య లేచాడు. "నేను జెప్పలా సారూ? చూశారుగా. రాయండి, రాయండి."

"కూసో బాబాయ్. అప్పుడే అయిపోయిందా," అంది షంషాద్. ఆమె ముఖం తేటపడింది. ఆరో ముక్క పట్టింది. గొట్టంలో ఆ వాసన మందు పోసి మిషను దగ్గర కూర్చుంది. "ఇప్పుడు దీని అంగుస్తానా తీస్తన్నా. ఇరవై నిమిషాలు."

టకటకటకటక. వాసన గదిలోకి మేఘంలా దిగింది. విశాల్ పసుపు కండువాని ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వెంకట్రామయ్య నీలం కండువా పెట్టుకున్నాడు. సందీప్‌కి ఏ కండువా లేదు, ఉండకూడదు కూడా. ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. గింజలు లేచి వాలుతున్నాయి, లేచి వాలుతున్నాయి. చాలాసేపు చూస్తే గాజు బుడ్డిలో వాన పడుతున్నట్టుంటుంది. అంత కంపులోనూ కెమెరా ఆయన కునికిపాట్లు పడ్డాడు.

కడిగింది. మళ్ళీ నాలుగు గింజలు, మూడు చుక్కలు, అయిదు నిమిషాలు.

ముదురు నీలం. కృష్ణ మీద చీకటి పడబోయే ముందు ఒక్క నిమిషం ఉండే నీలం.

"అదీ," అన్నాడు వెంకట్రామయ్య, ఎవరినీ చూడకుండా, కళ్ళు చెమర్చి.

"ఇప్పుడు ఇనండి," అంది షంషాద్. "టోపీ తీశాక నీలం రాకపోతే నా పని చెడినట్టే. ముక్క కుట్టాక పసుపు రాకపోయినా చెడినట్టే. పన్నెండు ముక్కలకి పన్నెండుసార్లు అది రావాల, పన్నెండుసార్లు ఇది రావాల. ఒక్కటి తగ్గినా దండ తెగుద్ది. నాకు ఇద్దరూ గావాల."

సందీప్ వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. "అంటే, సమానం."

"ముందొచ్చేది మాది," అన్నాడు వెంకట్రామయ్య.

"ఆఖర్న ఉండేది మాది అని చెప్పండి మామయ్య గారికి," అన్నాడు విశాల్.

"నువ్వే చెప్పరాదా, పక్కనే ఉన్నాడు," అంది షంషాద్.

విశాల్ కాసేపు ఆలోచించి, మామ వైపు తిరిగి, "టీ తాగుదాం రండి, ఈ కంపుకి తల తిరుగుతంది," అన్నాడు. అది గెలుపో ఓటమో తేల్చుకోలేక వెంకట్రామయ్య లేచి వెళ్ళాడు. టీ కొట్టు దాకా ఇద్దరూ ఒకే బండి మీద పోయారు.

సందీప్ పుస్తకమూ సీసాలూ తిరిగి ఇచ్చేశాడు. ఒక్క షరతు పెట్టాడు. పోలింగు అయ్యేదాకా ఆ రెండు రంగుల పేర్లు ప్రభుత్వ రికార్డులో కనపడకూడదు. షంషాద్ ఇరవై రెండేళ్ళు చీరలకి మ్యాచింగ్ వెతికిన మనిషి. ఆ క్షణం నుంచి నీలానికి 'నెమలికంఠం' అనీ, పసుపుకి 'నిమ్మపండు' అనీ రాసింది. ఆ వారపు పరిశోధన రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది, పట్టుచీరల కొట్టు బిల్లులా.

శుక్రవారం మధ్యాహ్నం సందీప్ ఫోను చేశాడు. అంతా సవ్యంగా ఉందో లేదో పైవాళ్ళకి రిపోర్టు ఇవ్వాలట. షంషాద్ స్పీకరు పెట్టింది.

"ఇప్పుడు ఏ రంగు ఉందమ్మా?"

"ఇటుక రంగు సార్."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "అది ఏ పార్టీది?"

"అది ప్రోలిన్‌ది సార్. పన్నెండింట్లో అదొకటి వంకర ముక్క. టోపీ తీస్తే అందరూ నెమలికంఠం అయితే అది ఇటుక అవుద్ది. దానికి ఎవురితో పొసగదు."

"ఇండిపెండెంటా?"

"అట్టా రాసుకోండి."

ఆ రాత్రి షంషాద్ ఇంటికి వెళ్ళలేదని మరునాడు రేవతి చెప్పింది. శనివారం తొమ్మిదింటికి నేను వెళ్ళేసరికి పన్నెండు ముక్కలూ కుట్టేసి, ఘాటైన యాసిడ్లో గింజల నుంచి దండని ఊడదీసి ఉంచింది. చల్లటి ఈథర్ పోసింది. అప్పటిదాకా ఏమీ లేని ద్రవంలో ఎక్కడి నుంచో తెల్లగా ఒక మబ్బు పుట్టింది. పత్తి ఏకినప్పుడు గాలిలో తేలే పింజలా మెల్లగా అడుగుకి దిగింది. వారం రోజుల తొక్కుడు, కంపు, పంచనామా, రెండు పార్టీలు. అన్నీ కలిపి చిటికెడు తెలుపు.

గుంటూరు నుంచి వచ్చిన ప్రసన్న మేడం దాన్ని అవతలి భవనంలోని యంత్రానికి పంపింది. కల్తీ ఎంత ఉందో అది గీత గీసి చెబుతుంది. చెడ్డ పెప్టైడుకి నల్లమల అడవిలా వరసగా కొండలు వస్తాయట. మంచిదానికి ఒక్కటే కొండ. మధ్యాహ్నం రెండు గంటలకి కాగితం వచ్చింది. రేవతి దాన్ని రెండు చేతులా పట్టుకుని వరండాలో పరుగెత్తుకొచ్చింది. చదునైన నేల మీద ఒంటరిగా, వినుకొండలా, ఒక్కటే శిఖరం. తొంభై ఏడు.

షంషాద్ మిషను చక్రం మీద చెయ్యి వేసి, ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరింది.

ఇక లేబులు. విభాగంలోని ప్రింటరుని ఓటరు చీటీల కోసం తీసుకెళ్ళారు. మేడం చేతిరాత మేడంకే అర్థం కాదు. యాసిన్‌ని పిలిపించారు. ఆయన గోడల మీద రాసే మనిషి. నాలుగడుగుల అక్షరాలు ఆయనకి చిన్నవి. చిటికెన వేలంత సీసా ఇచ్చేసరికి అద్దాలు రెండు జతలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు.

"కస్టమ్ పెప్టైడు, విభాగం పేరు, తయారీ షంషాద్ అని రాయండి," అంది మేడం.

"ఇంత చోట్లో అంత పట్టదు మేడం. రెండు మాటలు పడతయ్."

"అయితే ముఖ్యమైన రెండే రాయండి. కొరియరు గేటు దగ్గర ఉంది."

యాసిన్ ఊపిరి బిగబట్టి, మూడు వెంట్రుకల కుంచెతో రాసి, ఊది ఆరబెట్టి, సీసా మేడం చేతికిచ్చాడు.

కష్టం: షంషాద్.

మేడం చాలాసేపు చూసింది. "నేను కస్టమ్ అన్నాను యాసిన్ గారూ."

"అదే గద మేడం రాసింది."

గేటు దగ్గర కొరియరు బండి హారను కొట్టింది. మేడం బోర్డు వైపు చూసింది. మిషను వైపు చూసింది. మిషను పెడలు మీద అరిగిపోయిన అరికాలి ఆకారం వైపు చూసింది. "తప్పేం లేదులెండి," అంది. "ప్యాక్ చెయ్యి రేవతీ."

పెట్టెలో పెట్టే ముందు షంషాద్ సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తింది. ఇన్నాళ్ళూ వీపుల వెనక, గుడ్డ లోపల దాక్కున్న పేరు గాజు మీద ఎండలో నిలబడి ఉంది. ఆమె కుడి నుంచి మొదలుపెట్టి, ముందు తన పేరు, తరువాత ఆ రెండో మాట, పెదవులు కదుపుతూ చదువుకుంది.

కొరియరు వెళ్ళిపోయింది. నీళ్ళ సారు ఇంకా ట్రైనింగులోనే ఉన్నాడు. నేను నా సీసా తీసుకుని లేచాను. ఇదంతా రాయబోతున్నానని చెప్పాను. ఆమె అప్పటికే మిషను ముందు కూర్చుని రెండో ఆర్డరు కాగితం కుడి అంచు మీద వేలు పెట్టింది.

"రాయండి," అంది. "పైన నా పేరు పెద్దగా పడాల. స్పెల్లింగు మాత్రం మా ఆయన్ని అడగమాకండి."